గుసగుసల ఊళ్ళో చాయ్ హోటల్

అమీర్‌పేట మెట్రో ప్లాట్‌ఫాం మీద ఎవరైనా ఫోన్లో గుసగుసగా మాట్లాడుతున్నారంటే నాకు తెలిసి రెండే కారణాలు. ఒకటి ప్రేమ. రెండోది, ఈ ఆఫీసు పనివేళల్లో ఇంకో ఆఫీసుకి ఇంటర్వ్యూ. మిగతా లోకమంతా అక్కడ అరిచే మాట్లాడుతుంది. ఎవరి బ్యాచ్ ఎప్పుడు మొదలైందో, ఎవరి అత్తగారు ఎంత మంచిదో, ఎవరి మేనేజరు ఎంత దుర్మార్గుడో రైలొచ్చేలోపు మనకి పూర్తిగా తెలిసిపోతుంది.

మొన్న సాయంత్రం బేగంపేటలో ఆఫీసు వదిలాక, అమీర్‌పేటలో రైలు మారడానికి ఆడవాళ్ళ బోగీ ఆగే చోట నిలబడ్డాను. పక్కన బల్ల మీద ఒక అమ్మాయి కూచుని, చెవుల్లో వైర్లు పెట్టుకుని, నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని ఫోన్లో ఏదో గొణుగుతోంది. ప్రేమే అనుకుని మర్యాదగా అటు తిరిగాను. అంతలో ఆ అమ్మాయి చాలా మెల్లగా, చాలా భయంగా అంది.

"అక్కా, తోడేలొచ్చింది. నీ కోళ్ళ గూడు తలుపేసినవా?"

నాకు నవ్వాగలేదు. ఆన్‌లైన్ ఆట ఆడేవాళ్ళు ఎలా అరుస్తారో హాస్టల్లో ఉన్నవాళ్ళెవరినైనా అడగండి, గోడలు ఎంత పల్చనో కూడా చెబుతారు. తోడేలు మీదికొస్తుంటే గుసగుసలాడే జనం ఈ భూమ్మీద ఒక్క చోటే తయారవుతారు. పంజాగుట్ట వెనక సందులో ఉన్న మా లైబ్రరీలో. వాళ్ళనలా తయారుచేసిన మా లైబ్రేరియన్ సార్ పోయి ఏడాది కావస్తోంది.

సార్‌కి రెండు కళ్ళజోళ్ళు ఉండేవి. ఒకటి చదవడానికి, ఒకటి దూరం చూడటానికి. రెండూ ఎప్పుడూ ముఖం మీదే ఉండేవి, ఒకటి ముక్కు మీద, ఒకటి నుదుటి మీద. అయినా రోజుకోసారి హాలంతా తిరుగుతూ "నా అద్దాలు చూసిండ్రా ఎవరన్న" అని అడిగేవారు. "ఏవి సార్, కింది అంతస్తువా, పై అంతస్తువా?" అని మేం అడగాలి. అప్పుడు చెయ్యి నుదుటి మీదికి పోయేది. "పై అంతస్తువే," అని వెళ్ళిపోయేవారు, దొరికినందుకు కాస్త నిరాశగా.

పొద్దున్న ఆ హాలు పేపర్లు చదివే పెద్దవాళ్ళది. పది దాటాక మాది. హాస్టల్ గదిలో నాలుగు మంచాలు వేశాక మనిషి నిలబడటానికే చోటుండదు, ఇంక పుస్తకం ఎక్కడ తెరుస్తాం? అందుకని కోర్సులవాళ్ళూ, పోటీ పరీక్షలవాళ్ళూ అందరం ఆ పొడుగాటి బల్లల ముందు చేరేవాళ్ళం. హాల్లో ఎవరైనా మాట్లాడితే సార్ కసిరేవారు కాదు. ఏదో ఒక పుస్తకం తెచ్చి వాళ్ళ ముందు తెరిచి పెట్టేవారు. "పుస్తకం మాట్లాడుతుంటె నడిమిట్ల మనమెందుకు," అనేవారు. నిద్రపోయేవాళ్ళని మాత్రం లేపేవారు కాదు. తలకింద ఉన్న పుస్తకం చూసి, నచ్చకపోతే మెల్లగా లాగేసి ఇంకోటి పెట్టేవారు. "జనరల్ నాలెడ్జ్ మీద పండుకుంటె మెడ పడ్తది బిడ్డా. పండుకుంటె జర మంచి పుస్తకం మీద పండుకో." ఆయన మంచి పుస్తకమంటే రుచి విషయం కాదని, మందం విషయమని నాకు చాలా రోజులకి అర్థమైంది.

ఆయన ఎవరినీ పేరు పెట్టి పిలిచేవారు కాదు. కూచునే చోటే మా పేరు. ఒకతను "ఫ్యాన్ కింద". ఇంకొకావిడ "స్తంభం". నేను "కిటికీ". "కిటికీ, చాయ్ తాగినవా?" "స్తంభం, జర పక్కకు జరుగు, పేపర్ తీస్కోవాలె." మాకూ అదే అలవాటైపోయింది. ఒకరినొకరం పిలుచుకునే అవసరం మాకేం ఉండేది కాదు, చార్జర్ కావాలంటే వేలు చూపిస్తే చాలు.

నేను తణుకు నుంచి కోర్సు కోసం వచ్చాను. వచ్చిన ఏడాదికి టైఫాయిడ్ పట్టుకుంది. గదిలో మిగతా ముగ్గురూ కోర్సులైపోయి ఖాళీ చేశారు, కొత్తవాళ్ళు ఇంకా రాలేదు. ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా "బాగానే ఉన్నానమ్మా" అనేదాన్ని. తెలిస్తే వెనక్కి రమ్మంటారని భయం. వార్డెనమ్మ చారన్నం గిన్నె తలుపు దగ్గర పెట్టి, తలుపు మీద తట్టి వెళ్ళిపోయేది. ఆవిడ తప్పేం లేదు, ఆవిడకి నాలుగు అంతస్తుల గిన్నెలు. మంచం మీద పడుకుని నేను లైబ్రరీ గురించే ఆలోచించేదాన్ని. అంతమంది మధ్య కూచునేదాన్ని కదా, ఎవరో ఒకరు "కిటికీ ఏదీ?" అని అడిగి ఉంటారనుకునేదాన్ని.

తగ్గాక మెట్లెక్కి హాల్లోకి వెళ్ళేసరికి కిటికీ దగ్గర ఇంకో కిటికీ కూచుని ఉంది. నేను తలుపు దగ్గర నిలబడిపోయాను. సార్ వచ్చి, "కొత్తగ వచ్చినవా బిడ్డా?" అన్నారు. తర్వాత పై అంతస్తు అద్దాలు దించి చూశారు. జుట్టు రాలిపోయి, ముఖం పీక్కుపోయి ఉన్నాను.

"నువ్వు కిటికీవి కదా? ఊరికి పోయినవా?"

"లేదు సార్. టైఫాయిడ్. హాస్టల్లోనే ఉన్నాను."

"హాస్టల్ ఏడ?"

నేను కిటికీ వైపు చెయ్యి చూపించాను. "అదిగోండి సార్, ఆ నీలం ట్యాంకు ఉన్న మేడ."

సార్ కిటికీ దాకా వెళ్ళి ఆ నీలం ట్యాంకు వైపు చాలాసేపు చూశారు. అది మరీ అంత దూరమేం కాదు. గట్టిగా పిలిస్తే వినబడుతుంది. తర్వాత ఆయన ఆ హాల్లో ఎప్పుడూ చెయ్యని పని చేశారు. నడిమధ్య నిలబడి పెద్ద గొంతుతో మాట్లాడారు.

"ఈ పిల్ల పేరు ఎవరికన్న తెలుసా?"

అందరూ తలలెత్తారు. ఏడాదిగా నా చార్జర్ వాడుకుంటున్న ఫ్యాన్ కింద కుర్రాడు నావైపు చూసి తల దించుకున్నాడు. మిగతావాళ్ళూ దించుకున్నారు.

"నాకు సుత తెల్వదు," అన్నారు సార్, ఈసారి మెల్లగా. "ఏడాది సంది కిటికీ అంటున్న. గిదేం లైబ్రరీ, మనిషి పక్కన మనిషి సచ్చిపోయిన తెల్వదు."

జ్వరంలో ఒక్క రోజు కూడా ఏడవని దాన్ని, అక్కడ నిలబడి అందరి ముందూ ఏడ్చాను. సిగ్గేసింది కానీ ఆగలేదు. సార్ నన్ను తన కుర్చీలో కూచోబెట్టి, నా పేరడిగి, రెండుసార్లు పైకి అనుకున్నారు. ఆ రోజు ఆయన చాయ్‌కి బయటికి వెళ్ళలేదు.

మర్నాడు మధ్యాహ్నం వెళ్ళారు. బయట మెట్ల మీద అన్నాలు తిన్నవాళ్ళందరూ వరసగా కూచుని ఫోన్లలో ఆడుకుంటున్నారు. సార్ వెళ్ళి మా ఫ్యాన్ కింద అబ్బాయి పక్కన కూచున్నారు.

"ఎవరితోని ఆడుతున్నవ్ భాయ్?"

"ఎవరో సార్. బ్రెజిల్ అంట."

ఆ కింది మెట్టు మీద ఉన్నతన్ని అడిగారు. అతనూ అదే ఆట. అతని జోడీ ఎవరో ఇండోనేషియా అమ్మాయి. సార్ ఇద్దరినీ మార్చి మార్చి చూశారు.

"బ్రెజిల్‌ల ఎవడున్నడో ఎర్కే. కింది మెట్టు మీద ఎవడున్నడో తెల్వదు. నువ్వు ఏం కోర్స్ చేస్తున్నవ్?"

"నెట్‌వర్కింగ్ సార్," అన్నాడు ఫ్యాన్ కింద అబ్బాయి.

"మంచిది," అన్నారు సార్ చాలా గంభీరంగా. "పక్క కుర్చీకి వైరు ఎప్పుడేస్తవ్?"

అలా మొదలైంది. నోటీసు బోర్డు మీద సుద్దముక్కతో "శనివారం సాయంత్రం ఆన్‌లైన్ ఆట. చప్పుడు చేయరాదు" అని రాసి ఉంటే మేమంతా ఎవరో అల్లరి పని చేశారనుకున్నాం. మొదటి శనివారం నలుగురమే వచ్చాం. అందులో ఇద్దరు ఏసీ గది తెరుస్తారేమోనన్న ఆశతో వచ్చినవాళ్ళు. మా లైబ్రరీలో ఏసీ గది లేదు.

నెట్‌వర్కింగ్ అబ్బాయి మంచి మంచి ఆటలన్నీ చూపించాడు. సార్ కింది అంతస్తు అద్దాల్లోంచి ఒక్కొక్కటీ చూసి, తుపాకులున్నవన్నీ పక్కన పెట్టించారు. "లైబ్రరీల తుపాకి పేలిందంటె రేపు పేపర్ల నేనే పడ్త." చివరికి ఊరు కట్టే ఆట ఒకటి మిగిలింది. అందరూ ఒకే ఊళ్ళోకి దిగుతారు. చెట్లు కొట్టి, రాళ్ళు తవ్వి, తలా ఒక ఇల్లు కట్టుకుంటారు. చీకటి పడితే తోడేళ్ళొస్తాయి, దీపాలుంటే రావు. ఎవరి ఫోన్ నుంచి వాళ్ళు, హాల్లో ఉన్నా, హాస్టల్లో ఉన్నా ఆడుకోవచ్చు.

ఆట దానిది, నియమాలు సార్‌వి. ఊళ్ళోకి కొత్తమనిషి ఎవరొచ్చినా, పక్కింటివాళ్ళు వెళ్ళి "పేరేంది, ఏ హాస్టల్?" అని అడగాలి. అడక్కుండా పుల్లముక్క కూడా ఇవ్వకూడదు. శనివారం ఎవరైనా ఆటకి రాకపోతే, ఆదివారం పొద్దున్నే పక్కింటివాళ్ళు వెళ్ళి వాళ్ళ అసలు తలుపు కొట్టాలి. దొంగ పేర్లు పనికిరావు. మొదటివారం వచ్చిన ఒకతని పేరు ఆటలో "మృత్యు రాజు" అని ఉంది. సార్ అతన్ని "మృత్యు రాజు గారూ, జర మీ అమ్మ నాయిన పెట్టిన పేరు చెప్తరా" అని బతిమాలారు. వాళ్ళు పెట్టిన పేరు చిట్టిబాబు. అతను ఆటలో అంతకుముందు ఎన్ని ఊళ్ళు తగలబెట్టాడో గానీ, మా ఊళ్ళో బెండకాయలు పండించాడు.

అన్నిటికన్నా పెద్ద నియమం చప్పుడు చెయ్యకపోవడం. పక్క బల్ల దగ్గర పరీక్షలకి చదివేవాళ్ళుంటారు. అందుకని తోడేలొచ్చినా, ఇల్లు కూలినా, ఏట్లో పడి కొట్టుకుపోతున్నా గుసగుసగానే చెప్పాలి. "రక్షించండి" అనే మాటని గుసగుసగా అని చూడండి ఒకసారి. మీకే నవ్వొస్తుంది. ఆదివారాలు ఎవరి గదుల్లో వాళ్ళం ఆడినా ఆ అలవాటు పోలేదు. మా వార్డెనమ్మ ఒకసారి నా తలుపు దగ్గర చెవి పెట్టి విని, ఇంట్లో చెప్పాలా వద్దా అని రెండు రోజులు బాధపడిందట.

పొద్దున్న పేపర్లకొచ్చే పెద్దవాళ్ళలో ఒక లెక్కల మాస్టారు ఉండేవారు. రిటైరై పంజాగుట్టలో ఉంటున్నారు, మా గోదావరి వైపు మనిషే. ఆయనకి ఈ సంగతి తెలిసి ఒక శనివారం కర్ర తాటించుకుంటూ వచ్చారు.

"ఏంటండీ ఇది లైబ్రేరియన్ గారూ? సరస్వతి ఉండే చోట ఈ ఆటలేంటి?"

"కూసోండి సార్," అన్నారు మా సార్ కుర్చీ లాగి. "పూర్తిగ చూసి తిట్టండి. సగం చూసి తిడితె మీకే తృప్తి ఉండదు."

మాస్టారు పూర్తిగా తిట్టడానికని కూచున్నారు. తిట్టడానికి సరిపడా అర్థం కావాలంటే ఇంకోవారం రావాల్సి వచ్చింది. నెల తిరిగేసరికి ఊళ్ళో అందరికన్నా పెద్ద కోళ్ళ గూడు ఆయనది. అపార్ట్‌మెంట్లో వాళ్ళావిడ తులసి కుండీకి మించి ఏదీ పెట్టనివ్వదట.

ఇక సార్ ఆడే తీరు. ఆయన బొటనవేళ్ళు వాడేవారు కాదు. చూపుడువేలితో, తలుపు గంట నొక్కినట్టు, ఒక్కోసారి ఒక్కో నొక్కు. అందుకని ఆటలో ఆయన మనిషి రెండడుగులు నడిచి ఆలోచించేవాడు. గోడల్లోకి వెళ్ళి ఇరుక్కునేవాడు. ఒకసారి ఎవరికో తగిలానని "సారీ అమ్మా, చూస్కోలే" అన్నారు సార్. అది వేపచెట్టు. ఎవరి స్థలంలోనైనా కట్టెలు తీసుకుంటే, పని అయ్యాక మిగిలిన కట్టెలు మోసుకెళ్ళి ఎక్కడ తీశారో అక్కడే పెట్టొచ్చేవారు. "తీస్కున్నది తీస్కున్న కాడ," అనేవారు. ఆ కట్టెలకి ఆటలో లెక్కాపత్రం ఏమీ లేదు, చెట్టు కొడితే మళ్ళీ మొలుస్తుంది. ఎంత చెప్పినా వినలేదు.

ఆయన ఊళ్ళో లైబ్రరీ కడతారని మేమందరం అనుకున్నాం. కట్టలేదు. చాయ్ హోటల్ కట్టారు.

"లైబ్రరీ కట్టరా సార్?" అని అడిగాను.

"పొద్దుగాల్నించి గీ లైబ్రరీలనే ఉంటున్న. ఆడ గూడ నేనే ఊడ్వాల్నా?"

ఆ హోటల్లో చాయ్ ఉండదు, ఆటలో చాయ్ లేదు. నాలుగు బెంచీలూ, ఒక పొయ్యీ, తలుపు పైన ఒక దీపం. శనివారం ఆట ముగిసేముందు అందరం అక్కడికొచ్చి కూచోవాలి. సార్ ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, "తిన్నవా? జ్వరం తగ్గిందా? మీ నాయిన ఫోన్ చేసిండా?" అని అడిగేవారు. నా పేరు పిలిచేటప్పుడు మిగతావాళ్ళకన్నా కొంచెం గట్టిగా పిలిచేవారని నాకనిపించేది. అనిపించడమే కావచ్చు. కానీ నాకిష్టంగా ఉండేది.

అందరం వెళ్ళాక సార్ చివరగా బయల్దేరేవారు. అసలు లైబ్రరీలో లైట్లూ ఫ్యాన్లూ ఆర్పి తాళం వేసే ఆయన అలవాటు ఉంది చూడండి, అది ఆటలో కూడా పోలేదు. ఒక శనివారం ఊరంతా తిరిగి, ఒక్కొక్క ఇంటి తలుపూ మూసి, ఒక్కొక్క దీపమూ ఆర్పి, హాయిగా ఇంటికెళ్ళి పడుకున్నారు. మర్నాడు మేం వెళ్ళేసరికి ఊరు ఊరంతా తోడేళ్ళు. మాస్టారి కోళ్ళు ఒక్కటి మిగల్లేదు.

సోమవారం పొద్దున్నే మాస్టారు పేపరు కూడా తియ్యకుండా వచ్చారు.

"దీపాలెవరు ఆర్పారండీ?"

"నేనే," అన్నారు సార్. "అందరు పోయినంక లైట్లెందుకు?"

"అది ఆటండీ బాబూ. కరెంటు బిల్లు రాదు."

"రాకుంటె మాత్రం? ఖాళీ ఇంట్ల లైటు ఎట్ల ఉంచుత సార్? చెయ్యి ఊకుంటదా?"

మాస్టారు వెళ్ళి పేపరు తీశారు. ఆయనా ఒకప్పుడు బడికి తాళం వేసినవారే. మా సార్ వారం రోజులు ఆ చూపుడువేలితో నొక్కి నొక్కి కొత్త కోళ్ళని పట్టుకొచ్చి ఆయన గూట్లో పెట్టారు.

ఆట వల్ల లోకం మారిందని నేననను. మా మార్కులేం పెరగలేదు. కానీ స్తంభం దగ్గర కూచునే సరితకి ఆటలమ్మ పోసినప్పుడు, ఆటలో పక్కింటివాడైన చిట్టిబాబు ఆమె హాస్టల్ కింద నిలబడి వేపకొమ్మలు పైకి పంపాడు. నాకు రెండోసారి జ్వరమొచ్చినప్పుడు ఆదివారం పొద్దున్న ఏడింటికి నా తలుపు ఎవరో కొట్టారు. తీస్తే నలుగురు ఇడ్లీ పొట్లాలతో నిలబడి, వార్డెనమ్మ ముందు కూడా గుసగుసగా, "ఎలా ఉంది?" అని అడిగారు. మామూలు జలుబే. అయినా ఇడ్లీలు తినేదాకా ఆ మాట చెప్పలేదు.

తర్వాత నాకు ఉద్యోగమొచ్చింది. సార్ రిటైరయ్యారు. వీడ్కోలు రోజు మేం చప్పట్లు కూడా మెల్లగానే కొట్టాం. కొత్తగా వచ్చిన మేడం శనివారాలు ఆపలేదు. సార్ యూసుఫ్‌గూడలో తన గది నుంచే ఆడేవారు. భార్య ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. ఆయన నియమం ప్రకారం ఆయనా హాస్టల్ చెప్పాలి కదా అంటే, "యూసుఫ్‌గూడ, పిండి గిర్నీ మీద గది," అని చెప్పారు.

ఒక శనివారం చాయ్ హోటల్ తలుపు మూసి ఉంది. ఎంతసేపు చూసినా సార్ రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆదివారం పొద్దున్న పదకొండు మందిమి పిండి గిర్నీ ముందు తేలాం. మాస్టారు కర్ర పట్టుకుని ఆ ఇరుకు మెట్లు ఆయాసపడుతూ ఎక్కారు. తలుపు కొట్టగానే తెరుచుకుంది. సార్ ఉతికిన లాల్చీ వేసుకుని నిలబడి ఉన్నారు. స్టవ్ మీద చాయ్ మరుగుతోంది.

"పరీక్ష పెట్టిన," అన్నారు. "చూద్దామని. ఎవరన్న వస్తరా అని."

"బుద్ధుందాండీ మీకు?" అన్నారు మాస్టారు మంచం మీద కూలబడి. "నా మోకాళ్ళతో పరీక్షా?"

సార్ నవ్వుతూనే గ్లాసుల్లో చాయ్ పోశారు. గ్లాసులు మూడే ఉన్నాయి. అంతకన్నా వస్తారని ఆయన అనుకోలేదు. వంతులేసుకుని తాగాం. నాకు కోపం వచ్చింది, ఆయన్ని చూస్తే పోయింది.

అందుకే మళ్ళీ కొన్ని నెలలకి హోటల్ తలుపు మూసి కనబడినప్పుడు, "ఈసారి బిస్కెట్లు కూడా పెడతారేమో" అనుకుంటూ బయల్దేరాం. నవ్వుకుంటూనే వెళ్ళాం గానీ అందరం తొందరగా నడుస్తున్నాం. గదికి తాళం ఉంది. పిండి గిర్నీ అతను బయటికొచ్చి, "మీ సార్‌కు ఆయాసమొస్తె నిన్న బేగంపేట దవాఖానకు తీస్కపోయినం," అన్నాడు.

ఆసుపత్రి కౌంటర్లో ఉన్నమ్మాయి, "పేషంట్ పేరు చెప్పండి," అంది.

"లైబ్రేరియన్ గారండీ," అన్నారు మాస్టారు.

"పేరు సార్."

మేం ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. ఊళ్ళో ప్రతివాళ్ళ పేరూ, హాస్టలూ, ఊరూ మాకు నోటికొచ్చు. మృత్యు రాజు చెల్లెలి పేరు కూడా తెలుసు. మా ఫోన్లన్నిట్లోనూ ఆయన "లైబ్రరీ సార్". దొంగ పేర్లు పనికిరావన్న మనిషి, ఆటలో మాత్రం "చాయ్ హోటల్". ఇన్నేళ్ళలో ఆయన్ని పేరడగాలని మాలో ఒక్కరికీ తోచలేదు. నాకు ఆ హాలు గుర్తొచ్చింది. ఈ పిల్ల పేరు ఎవరికన్న తెలుసా అని ఆయన అడగడం, అందరూ తలలు దించుకోవడం.

పక్క నుంచి వెళ్తున్న నర్సమ్మ ఆగింది. "ముఖం మీద రెండు అద్దాలుంటయా? పైకి పోండి. మా వార్డుల ఊడ్చేటోళ్ళ పేర్లు సుత అడుగుతుండు."

సార్ ముక్కుకి మాస్క్ ఉంది. నుదుటి మీద అద్దాలు మాత్రం ఉన్నాయి. మమ్మల్ని చూసి మాస్క్ జరిపి, తన నియమం తానే పాటిస్తున్నట్టు, గుసగుసగా అన్నారు.

"ఈసారి చాయ్ చెయ్యలే బిడ్డా."

నేను మంచం పక్కన కూచున్నాను. అడగడానికి సిగ్గేసింది, అయినా అడిగాను.

"సార్, మీ పేరేంటి?"

ఆయన నవ్వారు. దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక, "గిన్నొద్దులకు అడిగినవా," అని, చెప్పారు. ఇంటిపేరుతో సహా చెప్పారు. మేమందరం దాన్ని మెల్లగా ఒకసారి పైకి అనుకున్నాం, అప్పుడు ఆయన నా పేరు అనుకున్నట్టే.

మాస్టారు ఊరుకోలేదు. నియమం ఇంకా సగం మిగిలుంది కదా. "ఏ హాస్టలండీ?" అన్నారు, కర్ర మీద గడ్డం ఆనించి.

"మారేటట్టున్న సార్," అన్నారు మా సార్.

మాస్టారు లేచి బయటికెళ్ళి, నడవాలో గోడ వైపు తిరిగి ఏడ్చారు. రెండు రోజులకి సార్ పోయారు.

ఆ శనివారం అందరం ఊళ్ళో కలిశాం. చాయ్ హోటల్ తలుపు పైన, దీపం కింద, ఆయన పేరు బోర్డు పెట్టాం. తలుపులు మూసేవాళ్ళు లేరు. దీపాలార్పేవాళ్ళు లేరు. మర్నాటికి మాస్టారి కోళ్ళన్నీ క్షేమంగా ఉన్నాయి. ఆయనకి అది ఏమాత్రం నచ్చలేదు.

తర్వాత ఆఫీసు పనుల్లో పడి నేను ఆటలో మా ఊళ్ళోకి వెళ్ళడం తగ్గింది. అందుకే మొన్న ప్లాట్‌ఫాం మీద ఆ అమ్మాయి ఎవరో నాకు తెలియలేదు. నేను నవ్వడం చూసి, ఆ అమ్మాయి తలెత్తింది.

"నోటికి చెయ్యి ఎందుకు అడ్డం పెట్టుకున్నావ్?" అని అడిగాను.

"మా ఊళ్ళె గిట్లనే మాట్లాడుతరక్కా," అంది. "ఎందుకో నాకు సుత తెల్వదు." అని చెవిలోంచి ఒక వైరు తీసి, అడగాల్సిన పని గుర్తొచ్చినట్టు, "మీ పేరేందక్కా? ఏ హాస్టల్?" అంది.

చెప్పాను. ఇప్పుడు హాస్టల్ కాదని, ఎర్రమంజిల్లో ఉంటున్నానని చెప్పాను. తన పేరూ, తన హాస్టలూ చెప్పింది. నా పేరు ఒకసారి పైకి అనుకుంది.

"మా ఊళ్ళె ఒక చాయ్ హోటల్ ఉంటదక్కా. శనివారం అందరం ఆడనే కూసుంటం. దాని బోర్డు మీద ఎవరిదో పేరుంది. అందరు సార్ అంటరు, నేనెన్నడు చూడలే. మొన్నటిసంది అడుగుదామనుకుంటున్న, ఎవరాయన అని."

రైలొచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి, జనం ఎక్కారు, తలుపులు మూసుకున్నాయి. నేను ఆ బల్ల మీద ఆ అమ్మాయి పక్కన కూచున్నాను. అరచెయ్యి దానంతటదే నోటి దగ్గరికి పోయింది. ముందు ఆయన పేరు చెప్పాను.